ఏ దేశంలో ఎంతమంది గంజాయి వాడుతున్నారు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో అవగాహన సదస్సులు పెట్టేవాళ్లు, వార్తలు రాసేవాళ్లు, ఇంట్లో ఎదిగిన పిల్లలున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. కలెక్టరేట్ మీటింగుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే అంకెల్లో సగానికి సగం తప్పుగా చదివినవే. అంకె తప్పు కాకపోయినా, అది ఎవరి గురించి చెబుతోందో వదిలేస్తే తప్పే అవుతుంది. అందుకే ప్రతి శాతం పక్కన ఏ వయసువాళ్లు, ఏ సంవత్సరం, ఎంత కాలానికి అన్నది కూడా ఇచ్చాం.

ప్రపంచం మొత్తం మీద వాడేవాళ్లు ఎంతమంది?

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2023లో 24.4 కోట్ల మంది. 15 నుంచి 64 ఏళ్ల వయసువాళ్లలో ఇది సుమారు 4.6 శాతం. మద్యం, పొగాకు పక్కన పెడితే ప్రపంచంలో అందరికన్నా ఎక్కువమంది వాడే మత్తు గంజాయే. 2021కి ఇదే సంస్థ చెప్పిన లెక్క 21.9 కోట్లు.

రెండేళ్లలో రెండున్నర కోట్లు పెరిగాయని హెడ్డింగు పెట్టేముందు ఒక్కమాట. అన్ని దేశాలూ ఏటా సర్వే చేయవు. కొన్ని దేశాల లెక్క పాతది, కొన్నింటికి అసలు లెక్కే లేదు. కొత్త సర్వే ఒకటి వచ్చి చేరితే మొత్తం అంకె కదులుతుంది. కాబట్టి ఆ తేడాలో కొంత నిజంగా పెరిగిన వాడకం, కొంత కొత్తగా కొలిచినది.

ఇంతకీ 'వాడారు' అంటే రోజూ తాగుతారనా?

కాదు. అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. సర్వేల్లో మూడు ప్రశ్నలు వేరువేరుగా ఉంటాయి: జీవితంలో ఒక్కసారైనా వాడారా, గడచిన ఏడాదిలో వాడారా, గడచిన నెలలో వాడారా. మూడింటికీ మూడు జవాబులొస్తాయి.

ఫ్రాన్స్‌నే తీసుకోండి. 2023 సర్వేలో 18–64 ఏళ్లవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా వాడామన్నవాళ్లు 50.4 శాతం, గడచిన ఏడాదిలో వాడామన్నవాళ్లు 10.8 శాతం. 'ఫ్రాన్సులో సగం మంది గంజాయి తాగుతారు' అని రాస్తే, ఇరవై ఏళ్ల వయసులో ఒకసారి రుచి చూసి వదిలేసిన యాభై ఏళ్ల మనిషిని కూడా ఇవాళ తాగుతున్నవాడి లెక్కలో కలిపినట్టే. అమెరికాలో 2022లో 12 ఏళ్లు దాటినవాళ్లలో గడచిన ఏడాది వాడకం 22 శాతం, గడచిన నెల వాడకం 15 శాతం. అదే యూరప్ యూనియన్లో ఏడాది లెక్క 8 శాతమైతే, రోజూ లేదా దాదాపు రోజూ వాడేవాళ్లు ఒకటిన్నర శాతం లోపు.

దేశాలను పోల్చడానికి మామూలుగా గడచిన ఏడాది లెక్కనే వాడతారు. కింద వేరే చెప్పకపోతే అదే.

దేశాలవారీగా చెప్పండి.

ఇజ్రాయెల్: 27 శాతం. 18–65 ఏళ్లు, 2017 నాటి సర్వే. అంతర్జాతీయ పట్టికల్లో చాలాకాలంగా పైన కనిపించే పేరు ఇదే.
కెనడా: 21 శాతం. 15 ఏళ్లు దాటినవాళ్లు, 2019.
అమెరికా: 22 శాతం. 12 ఏళ్లు దాటినవాళ్లు, 2022. మనుషుల లెక్కలో 6 కోట్ల 19 లక్షలు.
ఉరుగ్వే: 14.6 శాతం, 2018.
ఆస్ట్రేలియా: 11.5 శాతం. 14 ఏళ్లు దాటినవాళ్లు, 2022–23.
నైజీరియా: 10.8 శాతం. 15–64 ఏళ్లు. 2019లో విడుదలైన జాతీయ సర్వే.
జర్మనీ: 8.8 శాతం. 18–64 ఏళ్లు, 2021. అంటే 2024లో అక్కడ గంజాయిని పాక్షికంగా చట్టబద్ధం చేయకముందు.
ఇంగ్లండ్, వేల్స్: 7.6 శాతం. 16–59 ఏళ్లు, 2023 మార్చితో ముగిసిన ఏడాది. అక్కడే 16–24 ఏళ్లవాళ్లను విడిగా తీస్తే 15.4 శాతం.
భారతదేశం: 2.8 శాతం. 10–75 ఏళ్లు, 2018 నాటి సర్వే.
జపాన్: జీవితంలో ఒక్కసారైనా వాడినవాళ్లే 1.4 శాతం, 2021. ఏడాది లెక్క ఇంకా తక్కువ.

ఈ జాబితాను ర్యాంకులుగా చదవకండి. వయసు గీత ఎక్కడ గీశారో చూడండి. ఇంగ్లండ్ సర్వే 59 దగ్గర ఆగిపోయింది, కాబట్టి వాడకం తక్కువగా ఉండే పెద్దవాళ్లు లెక్కలో లేరు. మన సర్వేలో పదేళ్ల పిల్లల నుంచి 75 ఏళ్ల తాతల వరకూ ఉన్నారు, శాతం ఆ మేరకు పలచబడుతుంది. వయసులు సరిచేయకుండా రెండు దేశాల మధ్య ఒకటి రెండు శాతాల తేడా గురించి మాట్లాడటంలో అర్థం లేదు. 27కీ 2.8కీ ఉన్న తేడా మాత్రం వయసు గీతలతో చెరిగేది కాదు.

మన దేశం లెక్క ఎవరు, ఎలా తీశారు?

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ డ్రగ్ డిపెండెన్స్ చికిత్సా కేంద్రం తీసింది. నివేదిక 2019లో బయటికొచ్చింది. 2,00,111 ఇళ్లకు వెళ్లి 4,73,569 మందిని అడిగారు. ఇంటింటి సర్వేకి దొరకనివాళ్లు ఉంటారు కదా, మత్తుకు పూర్తిగా బానిసై ఇల్లు వదిలి తిరిగేవాళ్లు. వాళ్ల కోసం ఒకరి ద్వారా మరొకరిని చేరుకునే పద్ధతిలో ఇంకో 72 వేల మందికి పైగా వ్యక్తులతో మాట్లాడారు.

వచ్చిన లెక్క: గంజాయి మొక్క నుంచి వచ్చే ఏ రూపమైనా వాడినవాళ్లు 3.1 కోట్లు. అందులో భంగు (ఆకుతో చేసేది) 2.2 కోట్లు, గంజాయి లేదా చరస్ (మొక్క జిగురుతో చేసేది) 1.3 కోట్లు. రెండూ వాడేవాళ్లుంటారు కాబట్టి ఈ రెండూ కలిపితే 3.1 దాటుతుంది, కంగారు పడక్కర్లేదు. పోలిక కోసం, అదే సర్వేలో మద్యం 14.6 శాతం, 16 కోట్ల మంది.

మన దగ్గర పోలీసు కేసులన్నీ గంజాయి చుట్టూ తిరుగుతుంటే, దేశం లెక్కలో పెద్ద వాటా భంగుది కావడానికి కారణం చట్టంలోనే ఉంది. మాదకద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి అంటే మొక్క పూత, కాత కొసలు అని నిర్వచించింది. కొసలు లేకుండా వట్టి ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఆకుతో చేసే భంగు అందుకే ఉత్తరాదిలో కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాల్లో అమ్ముతారు. ఉత్తరప్రదేశ్, పంజాబ్, సిక్కిం, ఛత్తీస్‌గఢ్, ఢిల్లీ ఈ సర్వేలో జాతీయ సగటు కన్నా పైన నిలిచాయి.

అయితే విజయవాడలో ఎంతమంది? జనాభాని 2.8తో గుణిస్తే సరిపోతుందా?

చాలామంది చేసే పని ఇదే. 2011 జనగణన ప్రకారం నగర జనాభా 10.34 లక్షలు, 2.8 శాతం అంటే సుమారు 29 వేలు. 'బెజవాడలో 29 వేల మంది గంజాయిపరులు' అని ఒక స్లైడు. ఈ ఒక్క గుణకారంలో నాలుగు తప్పులున్నాయి.

జనగణన అంకెలో చంటిపిల్లలతో సహా అందరూ ఉన్నారు. సర్వే శాతం 10 నుంచి 75 ఏళ్లవాళ్లది. రెండోది, 2.8లో ఎక్కువ భాగం భంగు, అది మన వీధుల్లో దొరికే సరుకు కాదు. మూడోది, దేశ సగటు అంటే బాగా ఎక్కువున్న రాష్ట్రాలూ, బాగా తక్కువున్న రాష్ట్రాలూ కలిసిన మిశ్రమం. నాలుగోది, ఆ సర్వే రాష్ట్రస్థాయి లెక్క కోసం 186 జిల్లాల్లో చేసినది. జిల్లా అంకెలే ఇవ్వని సర్వే నుంచి ఒక ఊరి అంకె లాగలేం.

మిర్చి యార్డులో ఏ వ్యాపారీ బస్తా పైపొర చూసి ధర కట్టడు. లోపలికి చెయ్యి పెట్టి, మధ్యలోంచి నాలుగు కాయలు తీసి, రంగు, తొడిమ, తేమ చూస్తాడు. తేజ బస్తా చూసి బ్యాడిగ ధర అసలే చెప్పడు. ఊరి లెక్కకి ఊళ్లోనే నమూనా తియ్యాలి.

మరి పోలీసులు పట్టుకున్న కిలోలను బట్టి చెప్పలేమా?

పట్టుబడిన సరుకు దారిని చూపిస్తుంది, వాడకాన్ని కాదు. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు ఏజెన్సీ నుంచి వచ్చే సరుకు 16వ నంబరు జాతీయ రహదారి మీదుగానో, విశాఖ వైపు నుంచి వచ్చే రైళ్లలోనో విజయవాడ దాటి చెన్నైకో, హైదరాబాదుకో, ముంబైకో పోతుంది. విజయవాడ స్టేషన్లో దొరికిన 40 కిలోల బ్యాగు విజయవాడలో అమ్మడానికి వచ్చిందో, రైలు మారడానికి దిగిందో ఆ బరువు చెప్పదు. పైగా నిఘా పెరిగిన ఏడాది కేసులూ పెరుగుతాయి. 2021లో ఏజెన్సీలో 'ఆపరేషన్ పరివర్తన' పేరిట తోటలు నరికేశారు. అలాంటి ఏడాదిలో పెద్ద అంకెలు రావడం పోలీసుల పనిని చూపిస్తుంది. ఊళ్లో వాడకానికి దగ్గరగా ఉండేవి చిన్న పొట్లాల కేసులు, ఆసుపత్రి ఓపీ రిజిస్టర్లు. అవి కూడా దగ్గరగా ఉంటాయంతే.

జనం నిజం చెబుతారా? నేరమని తెలిసీ ఎవరు ఒప్పుకుంటారు?

కొందరు చెప్పరు, కాబట్టి సర్వే అంకె సాధారణంగా అసలు కన్నా తక్కువే. ఎంత తక్కువ అన్నది దేశాన్ని బట్టి, అడిగిన తీరుని బట్టి మారుతుంది. జపాన్‌లో 2024 డిసెంబరు నుంచి వాడటమే శిక్షించదగ్గ నేరం. పాతికేళ్లవాడు అక్కడ ఒప్పుకోవడానికీ, గంజాయి చట్టబద్ధమైన కెనడాలోని టొరంటోలో ఒప్పుకోవడానికీ పోలిక లేదు. మన దగ్గర ఇంటికొచ్చి అడిగితే పక్కగదిలో అత్తగారు వింటూంటారు, గుమ్మం దగ్గర పక్కింటివాళ్లు. ఆడవాళ్ల లెక్క తక్కువ రావడంలో వాడకం నిజంగా తక్కువ కావడమూ ఉంది, ఈ చాటు లేకపోవడమూ ఉంది.

దీనికి ఉల్టా తప్పు కూడా ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. కెనడాలో 2017లో రెండు ప్రభుత్వ సర్వేలు జరిగాయి. పొగాకు, మద్యం, డ్రగ్స్ అన్నీ కలిపి అడిగిన సర్వేలో గంజాయి 15 శాతం. గంజాయి గురించే అని చెప్పి చేసిన సర్వేలో 22 శాతం. దేశం అదే, ఏడాదీ అదే. గంజాయి సర్వే అనగానే ఆ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఎక్కువగా ఒప్పుకుంటారు, లేనివాళ్లు ఫోన్ పెట్టేస్తారు. కెనడా అంకె ఎక్కడ చూసినా ఏ సర్వేదో ముందు కనుక్కోండి.

మురుగునీటిని పరీక్షించి లెక్క తీసే పద్ధతి యూరప్ నగరాల్లో ఉంది. గంజాయి వాడినవాళ్ల మూత్రంలో మిగిలే పదార్థాన్ని శుద్ధి కేంద్రానికి వచ్చే నీటిలో కొలిచి, వెయ్యి మందికి రోజుకి ఇంత అని చెబుతారు. దాచడానికి వీల్లేదు కానీ, పదిమంది ఒక్కోసారి తాగారో, ఒక్కడే పదిసార్లు తాగాడో అందులో తెలియదు. ఇళ్ల మురుగంతా పైపుల్లో శుద్ధి కేంద్రానికి చేరే ఊళ్లకే ఇది పనికొస్తుంది. సగం నీళ్లు సైడు కాలవల్లోకి పోయేచోట పనిచేయదు.

మా కాలేజీలో సర్వే చేయాలనుకుంటున్నాం. ఎలా చేస్తే పనికొచ్చే అంకె వస్తుంది?

ముందు కాలేజీ నైతిక కమిటీ అనుమతి తీసుకోండి. 18 నిండని ఇంటర్ పిల్లలుంటే తల్లిదండ్రుల సమ్మతి కూడా కావాలి. సర్వే ఫలితం వల్ల ఎవరిమీదా చర్య ఉండదని ప్రిన్సిపాల్‌గారి సంతకంతో రాతపూర్వకంగా ఇప్పించండి. ఆ కాగితం లేకుండా మొదలుపెడితే వచ్చే జవాబులన్నీ 'లేదు' అనే ఉంటాయి.

నమూనా తీసే పద్ధతి: 3,600 మందిలో 600 మంది కావాలంటే హాజరు పట్టీలో ప్రతి ఆరో పేరు తీసుకోండి. 1 నుంచి 6 లోపు ఒక చీటీ తీసి అక్కడ మొదలుపెట్టండి. గూగుల్ ఫారం లింకు గ్రూపుల్లో పడేయవద్దు. కెనడాలో జరిగిందే జరుగుతుంది. ఒక సెక్షను మొత్తాన్ని కూర్చోబెట్టడమూ వద్దు. ఒక గదిలోని స్నేహితుల అలవాట్లు ఒకేలా ఉంటాయి కాబట్టి 60 మందిని అడిగినా తెలిసేది ఇరవై మందిని అడిగినంతే కావచ్చు. ఆరోజు రానివాళ్ల కోసం రెండోసారి వెళ్లండి. తరచుగా క్లాసు ఎగ్గొట్టేవాళ్లలోనే వాడకం ఎక్కువ ఉండే అవకాశముంది. వాళ్లను వదిలేస్తే అంకె సగం అక్కడే పోతుంది.

కాగితం మీద పేరు, రోల్ నంబరు, సెల్ నంబరు ఉండకూడదు. పుట్టిన తేదీ కూడా వద్దు, వయసు చాలు. అందరికీ ఒకే రంగు పెన్ను ఇవ్వండి. నింపినది మడిచి, పైన గాటు పెట్టిన తాళం పెట్టెలో వాళ్లే వేయాలి; లెక్చరర్ చేతికి ఇవ్వకూడదు.

ప్రశ్నల వరస: సిగరెట్, గుట్కా, బీరు, మందు, ఆ తర్వాత గంజాయి. 'మాదకద్రవ్యాలు వాడతారా' అని అడగవద్దు. ఆ మాట వినగానే కుర్రాడికి సూదులు, తెల్లపొడి గుర్తొస్తాయి, గంజాయి తాగేవాడు కూడా 'లేదు' పెడతాడు. గంజాయి, వీడ్, హషీష్ ఆయిల్, భంగు అని వాళ్లనే మాటలతో విడివిడిగా అడగండి. జీవితంలో, ఏడాదిలో, నెలలో, మూడూ పెట్టండి. మధ్యలో లోకంలో లేని మత్తు పేరు ఒకటి కల్పించి చేర్చండి. దానికి 'వాడాను' అని టిక్కు పెట్టినవాడి కాగితం మొత్తం పక్కన పెట్టేయాలి. ఇది చిన్న విషయం కాదు: అసలు వాడకం 3 శాతం ఉన్నచోట వందకి ఒకరు సరదాకి టిక్కు పెట్టినా మీ అంకె మూడోవంతు పెరిగిపోతుంది.

ఇప్పుడు లెక్క. 600 మందిలో 18 మంది అన్నారనుకోండి, 3 శాతం. నమూనా వల్ల వచ్చే అటూఇటూ సుమారు 1.4, అంటే అసలు 1.6 నుంచి 4.4 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. వచ్చే ఏడాది 4 శాతం వస్తే 'పెరిగింది' అనడానికి లేదు. బ్రాంచీలవారీగా విడగొట్టి, సివిల్‌లో నలుగురు, మెకానికల్‌లో ఐదుగురు అని నోటీసు బోర్డులో పెట్టకండి. అది లెక్కగానూ నిలబడదు, ఆ నలుగురి కోసం వెతుకులాట మొదలవుతుంది.

నాణెం ఎగరేసి జవాబు చెప్పే పద్ధతి వాడొచ్చా?

1965 నుంచి ఉన్న ఆలోచన ఇది. ఒక రకంలో విద్యార్థి చాటుగా నాణెం వేస్తాడు. బొమ్మ పడితే ఏదేమైనా 'అవును' అంటాడు, బొరుసు పడితే నిజం చెబుతాడు. ఎవరి 'అవును' ఏదో ఎవరికీ తెలియదు. 400 మందిలో 210 అవునులు వస్తే, 200 నాణెం పుణ్యం. మిగిలిన 200 మందిలో 10 మంది, అంటే 5 శాతం.

చిక్కేమిటంటే ఇక్కడ అటూఇటూ దాదాపు 10 శాతం. 5 శాతం అనే అంకెకి 10 శాతం ఊగిసలాట ఉంటే ఆ కష్టమంతా వృథా. నాణెం బదులు పాచిక వేసి, 1 పడినవాడే తప్పనిసరిగా 'అవును' అనాలని పెడితే ఊగిసలాట సగానికి, సుమారు 5కి దిగుతుంది. అదీ చాలదు. వేలల్లో విద్యార్థులున్న విశ్వవిద్యాలయమైతే చేయండి, ఒక కాలేజీకి తాళం పెట్టె పద్ధతే నయం.

చట్టబద్ధం చేస్తే వాడకం పెరుగుతుందా?

పెద్దవాళ్లలో పెరిగిన దేశాలున్నాయి. కెనడాలో 2017లో 15 శాతం ఉన్నది, 2018 అక్టోబరు 17న చట్టం అమల్లోకి వచ్చాక 2019లో 21 శాతం. ఉరుగ్వేలో 2013లో చట్టం వచ్చింది, 2014లో 9.3, 2018లో 14.6. అయితే రెండుచోట్లా చట్టానికి ముందు నుంచే గీత పైకి పోతోంది, పైగా చట్టం మారాక ఒప్పుకోవడమూ తేలికవుతుంది. ఇంకోవైపు ఫ్రాన్స్ చట్టం కఠినం, వాడకం 10.8 శాతం. చట్టం ఒక్కటే వాడకాన్ని నిర్ణయించదని ఫ్రాన్స్ చెబుతోంది. చట్టానికి ఏ ప్రభావమూ లేదని కెనడా అంకెలు చూసి అనలేం. మా అభిప్రాయంలో ఇంతకు మించి గట్టిగా చెప్పేవాళ్లెవరైనా తమకు నచ్చిన దేశాన్ని ఏరుకుంటున్నారు.

అమెరికాలో గమనించాల్సిన మార్పు మరొకటి. 2022లో రోజూ లేదా దాదాపు రోజూ గంజాయి వాడేవాళ్లు 1.77 కోట్లు, అంతే తరచుగా మద్యం తాగేవాళ్లు 1.47 కోట్లు. సరుకు ఘాటూ పెరిగింది: అక్కడ పట్టుబడిన గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ 1995లో 4 శాతం ఉంటే 2014కి 12 శాతం. ఎంతమంది అన్న అంకె కదలకపోయినా హాని పెరగగలదు.

వాడినవాళ్లలో ఎంతమంది బానిసలవుతారు?

మన జాతీయ సర్వే ప్రకారం 3.1 కోట్ల మందిలో 72 లక్షల మందికి వాడకం వల్ల ఇబ్బందులున్నాయి, సాయం కావాలి. వాళ్లలో 25 లక్షల మంది పూర్తిగా బానిసలు, అంటే వాడేవాళ్లలో దాదాపు 8 శాతం. అమెరికా అధ్యయనాల్లో కూడా జీవితంలో ఒక్కసారైనా వాడినవాళ్లలో సుమారు 9 శాతం అని వచ్చింది. పదిహేను, పదహారేళ్లకే మొదలుపెట్టినవాళ్లలో అది ఆరుగురిలో ఒకరి దాకా పోతుంది.

మా అబ్బాయి పైచదువులకి వెళ్తున్నాడు. అక్కడ మామూలే కదా?

ఐదుగురిలో ఒకరు వాడే దేశంలో కూడా నలుగురు వాడటం లేదు. అది మొదట అబ్బాయికి చెప్పండి. అమెరికాలో రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్ర చట్టం ప్రకారం గంజాయి ఇంకా నేరమే, వీసా చూసేది కేంద్ర చట్టాన్ని. వాడానని అధికారి ముందు ఒప్పుకున్నా స్టూడెంట్ వీసాకి ఎసరు రావచ్చు. కెనడాలో కొనుక్కోవచ్చు కానీ సరిహద్దు దాటించడం నేరం, గంజాయి కలిపిన గమ్మీ బిళ్ల అయినా సరే. సింగపూర్‌లో 500 గ్రాములు దాటిన గంజాయి రవాణాకి మరణశిక్ష ఉంది. థాయిలాండ్ 2022లో తలుపు తెరిచి, 2025లో మళ్లీ వైద్యుడి చీటీకి పరిమితం చేసింది. పాత యూట్యూబ్ వీడియో చూసి వెళ్లేవాళ్లు ఇబ్బంది పడతారు.

ఇక్కడ కిలో లోపు ఉంటే కేసు లేదంటారు, నిజమేనా?

అబద్ధం. కిలో వరకూ 'స్వల్ప పరిమాణం', శిక్ష ఏడాది వరకూ జైలు. 20 కిలోలు దాటితే 10 నుంచి 20 ఏళ్లు. వాడినందుకే అయితే ఆరు నెలల వరకూ జైలు, లేదా 10,000 రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ.

ఇంట్లో ఒకరు వాడుతున్నారు. పోలీసులకి తెలియకుండా వైద్యం చేయించవచ్చా?

చేయించవచ్చు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల మానసిక వైద్య విభాగం ఓపీకి నేరుగా తీసుకెళ్లండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే మత్తు విముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వాలంటే రాష్ట్ర పోలీసుల మాదకద్రవ్య నిరోధక దళం 'ఈగల్' 1972. అది వేరే నంబరు, రెండింటినీ కలపకండి. ఇప్పటికే వాడకం కేసో, స్వల్ప పరిమాణం కేసో పడి ఉంటే, తనంతట తానే గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకి చేరినవాళ్లకి చట్టంలోని 64ఎ సెక్షను రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. లాయరుని అడిగి ముందే పిటిషన్ వేయించండి.

గంజాయి మాన్పించడానికంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు లేదు; కౌన్సెలింగే ప్రధానం. మానిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, అన్నం సహించకపోవడం మొదలై మొదటి వారంలో ముదురుతాయి, రెండు వారాలకి చాలావరకు తగ్గుతాయి. ఆ మొదటి వారంలో ఇంట్లో గొడవ పెట్టుకోకండి, డబ్బు లెక్కలు తీయకండి. నిద్ర సరిగా పట్టడానికి ఇంకొన్ని వారాలు పట్టొచ్చు. ఎవరో తనని వెంటాడుతున్నారని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయని అంటుంటే మాత్రం వారం ఆగకుండా అదేరోజు డాక్టరుకి చూపించండి.